రాళ్ళకు జ్వరం వచ్చిన వేసవి

ఆ వేసవిలో మా పెరట్లో రాళ్ళకి జ్వరం వచ్చింది. రాళ్ళకి జ్వరమేమిటని నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి కూర్చోండి, తరవాత వీలుపడదు. నేను కోతలు బాగా కోస్తానని కొల్లేటికోట నుంచి ఆకివీడు దాకా పేరుంది. మా నాన్న పట్టిన కొర్రమేను తల మా పొయ్యి మీద ఉడుకుతుంటే తోక పక్కింటి పొయ్యి మీద ఉడికిందనీ, వాలుగచేప మీసాల మీద మా అమ్మ చీరలు ఆరేసేదనీ చెప్పిన నిత్యానందాన్ని నేనే. అవన్నీ ఊరు నమ్మింది. ఈ రాళ్ళ సంగతి నిజం. దీన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ నమ్మలేదు.

అది రెండువేల ఆరు. ఎండలు ముదరకముందే పొక్లెయిన్లు వచ్చి కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. సరస్సు పక్షులదని ప్రభుత్వం వాళ్ళన్నారు. పక్షులదే కావచ్చు, ఈ వయసులో గూడబాతులతో తగువు పెట్టుకోను. కానీ ఆ గట్ల మధ్య సొసైటీ చెరువులో మాకూ ఒక వాటా ఉండేది. ఆ చెరువు మీది పాకలోనే మా అబ్బాయి విశ్వాసం సగం కాపరం చేశాడు. తూము మీద కూర్చుని, నీళ్ళ రంగు చూసి చేపల ఆకలి చెప్పేవాడు. గట్టు తెగిన రోజున ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

అంతే. అన్నం పెడితే తిన్నాడు, మంచం వేస్తే పడుకున్నాడు. మాటే లేదు. చిన్నప్పటినుంచీ నేనొక కోత కోస్తే మొహం తిప్పకుండా "తరవాతేమైంది నాన్నా?" అనేవాడు. తనకి మాత్రం ఒక్క అబద్ధం చెప్పడం చేతకాదు. వాళ్ళమ్మ పోలిక. ఆ వేసవిలో నేను తాటిచెట్టెక్కిన కొర్రమేను కథ ఎత్తుకుని, చెట్టు చివరిదాకా ఎక్కించి, అక్కడ ఆపి చూశాను. తరవాతేమైందని వాడు అడగలేదు. ఆ కొర్రమేను ఇప్పటికీ చెట్టు మీదే ఉంది.

అప్పటికే పక్క ఊళ్ళో ఒక ఇంటి ముందు టెంటు వేశారు. ఆయనదీ మా వాడిలాగే చెరువులో వాటా. ఎలా పోయాడన్నది పాదిరిగారు కూడా ప్రార్థనలో చెప్పలేదు.

ఆ మర్నాడు మా కోడలు రాజ్యం బియ్యం చెరుగుతూ, చేటలోంచి తల ఎత్తకుండా అంది: "మావయ్యగారండీ, చెరువు కాడ పాకలో పేనుమందు డబ్బా ఒకటి ఉండిపోయిందండి."

చేపలకి పేలు పడితే నీళ్ళల్లో కలిపే పురుగుమందు అది. చేపలకి చుక్కల్లో కొలిచి వేస్తారు.

"పాక పడగొట్టేశారు గదమ్మా."

"సగమేనండి. వాసానికి కట్టి ఉందది."

"మనకి పేలు లేవులే," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేను కూడా నవ్వడానికని అనలేదు. ఆ సాయంత్రమే కర్ర పట్టుకుని అటు వెళ్ళాను. తెగిన గట్టు దగ్గర నడుము లోతు నీళ్ళు లాగేస్తున్నాయి. అవతల పాక కనబడుతోంది. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. తిరిగొచ్చాను. అప్పటినుంచి వాడు అరుగు మీద ఉంటే నేను గుమ్మంలో, వాడు గుమ్మంలో ఉంటే రాజ్యం పెరట్లో. ఇంట్లో ఉన్నది ముగ్గురం. కాపలా ఇద్దరం.

అలాంటప్పుడు వచ్చారు నరసరాజుగారు.

ఆయన మా చెరువులకి మేతగా తవుడు, వేరుశనగ చెక్క సరఫరా చేసిన మనిషి. చెరువులు పోయాక తాడేపల్లిగూడెంలో ఏసీ హోటలు కడుతున్నారు. వాకిట్లోనే మనిషెత్తు అద్దాల తొట్టిలో సముద్రం పెట్టించాలని ఆయన సరదా. వెంట ఏలూరు నుంచి అర్షద్ అనే ఆయన్ని తీసుకొచ్చారు. అద్దాల తొట్లు చేసి, రంగుచేపలు అమ్మే షాపు ఆయనది. వ్యానులోంచి థర్మోకోల్ పెట్టెలు దించారు. మూత తీస్తే తడి కాగితాల్లో చుట్టి, పసిపిల్లల్లా పడుకోబెట్టిన రాళ్ళు.

"లైవ్ రాక్ అంటారండి వీటిని," అన్నాడు అర్షద్. "బతికున్న రాళ్ళు. ఏవో దీవుల్లో, సముద్రంలో పెట్టి పెంచి, లైసెన్సు మీద అమ్ముతారండి. మద్రాసు దాకా విమానంలో వచ్చాయి."

"నేనింకా విమానం ఎక్కలేదు," అన్నాను. "మా ఇంటికి వచ్చే రాళ్ళు ఎక్కేశాయి."

ఆయన నవ్వి, ఒక రాయి నా చేతిలో పెట్టాడు. తేలిగ్గా, నిండా చిల్లులతో, తేనెపట్టులా ఉంది. దాని మీద అక్కడక్కడ నేరేడుపండు రసం ఒలికి గట్టిపడినట్టు ఒక పెచ్చు. గోటితో గీరబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అది రంగు కాదు తాతగారూ, ప్రాణం. కోరలైన్ అంటారండి. అదీ ఒక రకం నాచే, కానీ సున్నంతో ఒళ్ళు కట్టుకుంటుంది. ఆ ఊదా పెచ్చు ఉన్నంతకాలం రాయి బాగున్నట్టు. తెల్లబడిందంటే పోయినట్టు."

సంగతేమిటంటే, ప్రయాణంలో ఆ రాళ్ళ చిల్లుల్లో ఉన్న చిన్న చిన్న జీవాలు కొన్ని చచ్చిపోతాయి. అవి కుళ్ళి, ఆ కుళ్ళు వదిలి, నీళ్ళు తేటపడేదాకా వాటిని వేరే తొట్టిలో ఉప్పునీళ్ళల్లో మాగబెట్టాలి. కొత్త హోటల్లో ఆ కంపు పెట్టలేరు. మా పెరట్లో ఎప్పుడో గేదెలకి కట్టించిన సిమెంటు తొట్టి ఉంది. నీళ్ళ మనిషి విశ్వాసం ఉన్నాడు.

"శ్రావణంలో హోటలు తెరుస్తాను విశ్వాసం," అన్నారు రాజుగారు. "రాళ్ళు బతికిస్తే ఆ సముద్రం నీదే. అక్కడే ఉద్యోగం. పోతే మాత్రం మళ్ళీ తెప్పించే ఓపిక నాకు లేదు, అద్దాల్లో ప్లాస్టిక్ పువ్వులు పెట్టేస్తాను."

వాడు అరుగు దిగి వచ్చాడు. రాయిని రెండు చేతుల్లోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల ఏదో టక్కుమంది. చిన్న రొయ్యట, చిటికెలు వేస్తుందట. గట్టు తెగాక వాడి మొహంలో ఏదైనా కదలడం నేను చూసింది అప్పుడే. రాజ్యం కూడా చూసింది. తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

"ఏం వెయ్యాలండి వీటికి?" అని అడిగాడు వాడు.

"ఏమీ వెయ్యకూడదండి," అన్నాడు అర్షద్. "గాలి మిషను ఆగకూడదు. నీళ్ళు వేడెక్కకూడదు. ఎండకి తగ్గిన నీళ్ళు మంచినీళ్ళతోనే నింపాలి, ఉప్పు ఆవిరైపోదు కదండీ. కుళ్ళినదాన్ని మెత్తటి బ్రష్షుతో తీసెయ్యండి, ఊదా పెచ్చు జోలికి మాత్రం వెళ్ళొద్దు. మిగతాదంతా ఊరికే చూస్తూ ఉండటమేనండి."

ఊరికే చూస్తూ ఉండటం. చెరువు మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష నాకు తెలీదు.

మొదటి రోజుల కంపు సంగతి చెబితే మీరు పుస్తకం మూసేస్తారు. క్లుప్తంగా చెబుతాను: కాకులు మా ఇంటి మీదుగా ఎగరడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవి. పక్కింటి వెంకటనరసమ్మ, నా ఈడుదే, చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ మీదుగా తగులుకుంది.

"ఏం నిత్యానందం, సముద్రం చచ్చిపోతే శవాన్ని మీ ఇంటికి తెచ్చారటగా?"

"నీ వాటా నీకు పంపిస్తాలే, కంగారుపడకు."

"నా ఇంట్లో అన్నం సయించట్లేదయ్యా! సర్పంచి దగ్గరికి పోతాను."

"వెళ్ళు. ఆయన్ని కూడా వచ్చి వాసన చూడమను. టిక్కెట్టు పెట్టలేదు."

విశ్వాసానికి మాత్రం ఆ కంపు అంటలేదు. నరసాపురం నుంచి వచ్చే చేపల బండి మీద, పడవలో దూరం వెళ్ళి పట్టిన సముద్రపు నీళ్ళు డ్రమ్ముల్లో తెప్పించేవాడు. పాత నీళ్ళు తోడి కొత్తవి పోసేవాడు. అర్షద్ ఇచ్చిన, ఉప్పు చూసే గాజు గొట్టం చొక్కా జేబులోంచి ఎప్పుడూ తీసేవాడు కాదు, ఆదివారం గుడికి వెళ్ళినా సరే. రాజ్యం ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి, తొట్టిలో తేలేసేది. చేపల మీద ఐసు పోసినట్టు తిన్నగా పోస్తే ఉప్పు పలచబడిపోతుంది మరి. మధ్యాహ్నం కరెంటు పోతే గాలి మిషను ఆగేది. అప్పుడు ముగ్గురం తలో చెంబూ పట్టుకుని, తొట్టి నీళ్ళు తోడి ఎత్తునుంచి తొట్టిలోనే పోసేవాళ్ళం. నీళ్ళకి గాలి తగలాలి. చూసినవాళ్ళు మాకు ముగ్గురికీ ఒకేసారి మతి పోయిందనుకున్నారు.

కొన్నాళ్ళకి కంపు పోయింది. నీళ్ళు తేటబడ్డాయి. ఎంత తేటంటే తొట్టి అడుగున గేదె గిట్టల గీతలు కూడా కనబడ్డాయి. రాళ్ళ మీద నేరేడు పెచ్చు మెరిసింది. చిల్లుల్లోంచి వెంట్రుకంత పురుగులు తలలు పెట్టి చూశాయి. రాజ్యం వాటిని చూసి ఒక కేక వేసి, తరవాత మెల్లిగా నవ్వింది. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

అక్కణ్ణుంచే మునగడం మొదలైంది.

ముందు ఒక రాయి అంచు మీద పచ్చగా నూగు. పిల్లి మీసమంత. తరవాత రాయంతా. తరవాత తొట్టంతా. నేరేడు పెచ్చు మీద పచ్చ వెంట్రుకలు కమ్ముకున్నాయి. కింద పెచ్చు వెలవెలబోయి, అంచులు ముగ్గుపిండిలా తెల్లబడ్డాయి. విశ్వాసం మళ్ళీ మాట మానేశాడు. అన్నం దగ్గర కూర్చుని చెయ్యి కలపడం మర్చిపోయేవాడు.

అర్షద్‌కి ఫోను చేయించాను. మర్నాడే ఏలూరు నుంచి బండి మీద వచ్చాడు. తొట్టి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఎండ తగులుతోందాండీ?"

"తొట్టి మీద పాక వేశాం కదండీ," అంది రాజ్యం.

"నీళ్ళేవి పోస్తున్నారు?"

"ప్లాంటు నీళ్ళండి, క్యాన్లవి."

ఆయన తొట్టి చుట్టూ తిరిగాడు. మూల ఇటుకకి ఒక పురికొస కట్టి ఉంది. రెండో కొస నీళ్ళల్లో ఉంది. లాగాడు. నా పాత తువ్వాలు ముక్కలో కట్టిన చిన్న మూట పైకి వచ్చింది. విప్పి చూశాడు. బూడిదరంగు గుళికలు, సగం కరిగిపోయి.

"ఇదేంటండీ?"

నేనూ రాజ్యమూ దాన్ని చూడగానే గుర్తుపట్టాం. కొల్లేటి చుట్టూ ఏ చేపల రైతుని అడిగినా గుర్తుపడతాడు. సూపరు. సూపర్ ఫాస్ఫేటు. చెరువులో నీళ్ళు తేటగా ఉంటే మావాళ్ళకి గుండె దడ. తేట నీళ్ళంటే పస్తు నీళ్ళు. కోళ్ళ ఎరువు చల్లి, సూపరు గోనెలో కట్టి వేలాడదీసి, నీళ్ళు పచ్చబడితేగాని చేపపిల్ల వదలం.

"నీళ్ళకి రంగు రావాలనండి," అన్నాడు విశ్వాసం, నేలకేసి చూస్తూ.

అర్షద్ అక్కడే తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. "విశ్వాసం గారూ, నీళ్ళు తేటగా ఉండటమే కదండీ మనకి కావలసింది! ఈ ఎరువు పచ్చ నాచుకి విందండి. ఊదా పెచ్చుకి మాత్రం విషం. ఒంట్లోకి సున్నం పట్టనివ్వదు."

"నీళ్ళు ఖాళీగా ఉన్నాయండి." వాడి గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. "రోజూ ఖాళీ నీళ్ళు చూస్తా కూర్చుంటే భయమేసిందండి."

అర్షద్ ఆ మూటని మళ్ళీ కట్టి పక్కన పెట్టాడు. మంచి మనిషి. మంచినీళ్ళు తాగి లేచాడు. "బతుకుతాయా బాబూ?" అని గేటు దాకా వెళ్ళి అడిగాను.

"చెప్పలేనండి తాతగారూ. నీళ్ళన్నీ మార్చాలి. పచ్చదాన్ని చేత్తో పీకాలి. రేపు మళ్ళీ వస్తాను, ఇంకో ఉపాయం ఆలోచిస్తాను. రాజుగారితో మాత్రం ఇప్పుడే చెప్పకండి."

మర్నాడు పొద్దున్నే విశ్వాసం తొట్టిలో చేతులు పెట్టి పచ్చ నూగు పీకడం మొదలుపెట్టాడు. రాజ్యం ఐసుకి ఆకివీడు బస్సెక్కింది. నేను తమలపాకుకి సున్నం రాసుకుంటూ చూస్తున్నాను. నూగుతోపాటు పెచ్చు కూడా ఊడి వచ్చింది. చచ్చిన గోరులా తెల్లగా, వాడి వేళ్ళకి అంటుకుని. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. తరవాత చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకున్నాడు. జేబులోంచి ఆ గాజు గొట్టం తీసి తొట్టి గట్టు మీద పెట్టాడు. సైకిలు తీశాడు.

"ఎక్కడికిరా?"

"చెరువు కాడికి. ఓసారి చూసొస్తాను."

నేను లేచేలోపు సందు మలుపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గాలి మిషను ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. తొట్టిలో బుడగలు పోయి నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి. ఎండ నడినెత్తికి వస్తోంది.

నేను చెంబు అందుకున్నాను. ఒక చెంబు తోడి పోశాను. ఇంకోటి పోశాను. ఇది వదిలి వెళ్తే రాళ్ళు పోతాయి, రాళ్ళు పోతే వాడికి ఆ మిగిలిన కొంచెమూ పోతుంది. వెళ్ళకపోతే రాళ్ళు బతికి ఎవరికి? ఇంకో చెంబు పోశాను. నా చేతులు పోస్తున్నాయి, నా కాళ్ళు గేటుకేసి తిరిగి ఉన్నాయి. బతుకంతా ఎవరెప్పుడు ఏమడిగినా తడుముకోకుండా అబద్ధం చెప్పినవాణ్ణి. ఆ క్షణాన నాకు నేను చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"ఏమైంది?"

గోడ మీద వెంకటనరసమ్మ తల.

"విశ్వాసం చెరువు కాడికి వెళ్ళాడు," అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం నా మొహం చూసింది. పక్క ఊరి టెంటుకి ఆవిడా వెళ్ళి వచ్చింది. గోడ చుట్టూ తిరిగి, మా గేట్లోంచి వచ్చి, కొంగు ముక్కుకి బిగించి కట్టుకుంది. నా చేతిలో చెంబు లాక్కుంది.

"ఎంత ఎత్తునుంచి పొయ్యాలి?"

"భుజమంత."

"వెళ్ళు."

వెళ్ళాను. ఆ ఎండలో ఆ గట్టు దారిన ఎలా నడిచానో మీకు వర్ణించాలంటే నాకు చాతనవును. మోకాళ్ళు రెండూ చేత్తో పట్టుకుని పరిగెత్తానని చెబుతాను, మీరు నవ్వుతారు. కానీ అంత దూరమూ నాకు గుర్తున్నది ఒకటే, దూరంగా ఆ సగం పాక. దానికి ఇవతల, తెగిన గట్టు దగ్గర సైకిలు కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. అది మంచిదో చెడ్డదో తెలియలేదు.

తుమ్మ చెట్ల మలుపు దగ్గర వాడే ఎదురొచ్చాడు. సైకిలు నడిపించుకుంటూ. నడుముదాకా తడిసి, మోకాళ్ళదాకా బురద. క్యారేజీ మీద తువ్వాలుతో కట్టిన ఏదో బరువు.

"ఇంత ఎండలో ఎక్కడికి నాన్నా?"

"నీకోసమే," అన్నాను. 

వాడు నాకేసి చూశాడు. నేను నిజం చెప్పడం వాడు ఎరగడు. ఇద్దరం కొంత దూరం పక్కపక్కనే నడిచాం.

"పాకలో..." అన్నాను.

"డబ్బానే గదా. పూడ్చేశాను గట్టులో. పారబోస్తే నీళ్ళల్లో చేపలు పోతాయని."

"ఎవరి చేపలు?"

"ఎవరివైతేనేం."

ఒక గూడబాతు మా నెత్తి మీదుగా, తన ఆస్తి తాను చూసుకుంటున్నట్టు, నింపాదిగా వెళ్ళింది.

"మూత బిగించే పూడ్చావా?"

"తీశాను," అన్నాడు. కొంచెం దూరం నడిచాక అన్నాడు: "మళ్ళీ బిగించాను."

అంతకంటే నేను అడగలేదు. వాడు చెప్పలేదు. ఇంతవరకూ లేదు.

"కరెంటు పోయిందిరా," అన్నాను.

వాడు ఉలిక్కిపడి సైకిలెక్కాడు. "రాళ్ళ దగ్గర ఎవరున్నారు? ఎక్కు నాన్నా, ఎక్కు!"

"ఎక్కడ ఎక్కను? నా సీట్లో ఎవరో కూర్చున్నారు."

క్యారేజీ మీదది మా తూము ముక్క. పొక్లెయిను పగలగొట్టగా మిగిలిన సిమెంటు గొట్టం ముక్క, గుండ్రంగా, మధ్యలో బోలుగా. ఎందుకు తెచ్చాడో వాడికే తెలీదు. దాన్ని దించనన్నాడు. నేను ముందు కడ్డీ మీద, పసిపిల్లాడిలా, కాళ్ళు ఒక పక్కకి పెట్టుకుని కూర్చున్నాను. మేం వచ్చేసరికి వెంకటనరసమ్మ ఇంకా పోస్తూనే ఉంది. పోస్తూ రాళ్ళని తిడుతోంది. రాజ్యం ఐసు సంచితో పక్కన నిలబడి ఉంది. మొగుణ్ణి చూసి, సంచి కింద పెట్టి, చెంబు తీసుకుంది. కొంతసేపు ఆవిడ పోసిన నీళ్ళు తొట్టిలో కంటే బయటే ఎక్కువ పడ్డాయి.

సాయంత్రం అర్షద్ ఉపాయంతో వచ్చాడు.

"బరకం ఉందాండీ మీ దగ్గర? నల్లది?"

ధాన్యం మీద కప్పే బరకం ఉంది. తొట్టి మొత్తం కప్పి చీకటి చెయ్యమన్నాడు. చీకట్లో పచ్చ నూగు ఆకలికి చస్తుంది. నేరేడు పెచ్చు సముద్రం లోతున మసక వెలుతురులో బతికే రకం, కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. "ఇంకోటి, సున్నపు తేట కావాలి. మంచి సున్నం, వేరే ఏదీ కలవనిది."

నేను నా తమలపాకుల పెట్టె తెరిచి చూపించాను.

"ఇదేనండి!" అన్నాడు. "క్యాను నీళ్ళల్లో కలిపి, పేరుకోనిచ్చి, పైన తేట మాత్రం తియ్యాలి. తగ్గిన నీళ్ళకి బదులు అదే పొయ్యాలి. పెచ్చుకి ఒళ్ళు కట్టుకోను సున్నం దొరుకుతుంది, ఆ ఎరువు మిగులు కూడా కొంత అడుక్కి దిగిపోతుంది. కానీ చుక్క చుక్కగా పడాలండి. ఒక్కసారి పోశారంటే నీళ్ళు విరిగిన పాలైపోతాయి."

"చుక్క చుక్కగా ఎట్లాగండీ?" అంది రాజ్యం. అని, తనే ఆగి, "సెలైన్ సెట్టు," అంది.

మెడికల్ షాపునుంచి కొత్త సెట్టు వచ్చింది. పాక దూలానికి సీసా తలకిందులుగా వేలాడింది. గొట్టం బరకం కిందికి వెళ్ళింది. గొట్టం కొస కదలకుండా ఉండటానికి బరువేదైనా కావాలంటే విశ్వాసం తన తూము ముక్కని బాగా రుద్ది కడిగి తెచ్చాడు.

"పాత సిమెంటే కదండీ, ఏళ్ళ తరబడి నానిందే, ఫర్వాలేదు," అన్నాడు అర్షద్.

అలా మా పెరట్లో రాళ్ళు సెలైన్ ఎక్కించుకుంటూ దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. "ఏ వార్డు?" అని అడిగినవాళ్ళకి, "జనరల్ వార్డే, పళ్ళు తేవాలి," అని చెప్పాను. నా మాటలు మళ్ళీ నోటికి వచ్చాయి గానీ నవ్వు మాత్రం రాలేదు. ఎందుకంటే బరకం ఎత్తి చూడకూడదన్నాడు అర్షద్. లోపల బతికున్నాయో పోయాయో తెలీదు. విశ్వాసం రోజంతా ఆ బరకం పక్కన కూర్చుని చుక్కలు చూసేవాడు. చుక్క వేగం పెరిగితే చక్రం తిప్పి తగ్గించేవాడు. ఏమీ వేసేవాడు కాదు. ఒక్కోసారి చేతులు ఊరుకోలేక ఒకదాన్నొకటి పట్టుకునేవి. ఎదురుగా నేను కూర్చునేవాణ్ణి. రాజ్యం తలుపులో నిలబడేది. రాళ్ళని వాడు కాశాడు, వాణ్ణి మేం కాశాం. ఆకులు తినడానికి నాకు సున్నం మిగల్లేదు.

తొలకరి పడ్డాక ఒక మబ్బు పట్టిన పొద్దున అర్షద్ వచ్చి, "తియ్యండి," అన్నాడు.

ఎవరూ తియ్యలేదు. చివరికి గోడ దూకినంత పని చేసి వెంకటనరసమ్మే వచ్చి బరకం లాగేసింది.

పచ్చ నూగు బూజులా రాలిపోయి ఉంది. రాళ్ళు సగానికి సగం తెల్లగా, ఎముకల్లా ఉన్నాయి. విశ్వాసం కళ్ళు మూసుకున్నాడు. అర్షద్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో రాయినీ నీళ్ళల్లోనే తిప్పి చూశాడు. అడుగు పక్కల, నీడ పక్కల, నేరేడు రంగు నిలబడి ఉంది. పలచగా, కానీ ఉంది.

"ఇవి చాలండి. ఇక్కణ్ణుంచి పాకుతుంది," అన్నాడు.

పాకింది. మెల్లిగా, మన ఓపిక చూద్దామన్నట్టు. ఆషాఢంలో ఒక రోజు తొట్టి నీళ్ళు మారుస్తూ విశ్వాసం "నాన్నా," అని పిలిచాడు. చాలా రోజులకి అలా పిలిచాడు, చిన్నప్పుడు వల్లో ఏదైనా పడితే పిలిచినట్టు. వెళ్ళి చూశాను. తూము ముక్క మీద, సిమెంటు మీద, నువ్వుగింజంత నేరేడు చుక్క. పక్కనే ఇంకోటి. బోలు లోపలి అంచు పొడుగునా చిన్న చిన్న చుక్కలు. ఎవరూ వెయ్యలేదు. దానంతట అదే వచ్చి, మా చెరువు ముక్క మీద ఇల్లు కట్టుకుంటోంది.

రాజ్యం కూడా వచ్చి చూసింది. తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, వేలితో ముట్టుకోబోయి, ముట్టుకోకుండా ఆగింది.

శ్రావణంలో హోటలు తెరిచారు. రాళ్ళన్నీ అద్దాల తొట్టిలో పేర్చారు. తెల్లవి వెనక్కి, రంగువి ముందుకి. నరసరాజుగారు తెల్లవాటిని చూసి కనుబొమలు ఎగరేశారుగాని పదిమందిలో ఏమీ అనలేదు. విశ్వాసం ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో ఆ గాజు గొట్టంతో, తొట్టి పక్కన నిలబడ్డాడు. తూము ముక్క తేవద్దని రాజుగారు ముందే చెప్పారు. వాడు తెచ్చాడు. సరిగ్గా మధ్యలో పెట్టాడు. అప్పటికి దాని మీద రంగు అరచేతి మేర పరుచుకుంది.

నేనూ వెళ్ళాను, పిలిచారు కాబట్టి. ఒక పెద్దమనిషి, తణుకు వైపు మిల్లు ఉన్నాయనట, అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఏవండీ, మధ్యలో ఆ గుండ్రటిదేంటండీ? రాయిలా లేదే?"

నాకు నాలుక దురద పుట్టింది. కానీ అడిగింది నన్ను కాదు. విశ్వాసాన్ని.

"అదాండీ?" అన్నాడు మా వాడు. మొహం తిప్పలేదు. "అది మా కొల్లేరు అడుగున దొరికిందండి. పూర్వం అక్కడంతా సముద్రమే కదండీ. అప్పటి తిమింగలం వెన్నుపూసండి అది."

నేను గోడకి చెయ్యి ఆనించుకున్నాను.

"అబ్బో!" అన్నాడు మిల్లాయన. "మరి ఆ రంగేంటి?"

"ప్రాణం ఇంకా పోలేదండి," అన్నాడు విశ్వాసం.

ఆయనకి ఎక్కడో అనుమానం వచ్చింది. చుట్టూ చూసి, నెరిసిన తలవాణ్ణి నేనొక్కణ్ణే కనబడ్డాను కాబట్టి నన్నడిగాడు: "ఏం పెద్దాయనా, నిజమేనా?"

గోడకి ఆనించిన చెయ్యి తీసి, నిటారుగా నిలబడ్డాను.

"నిజమేనండి," అన్నాను. "ఆ తిమింగలాన్ని పట్టింది మా నాన్నే."